తక్‌పట్టీ చదవగల పిల్లలు

(హనుమకొండలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరైనా వేదిక ఎక్కి పొగడడం మొదలుపెడితే, ఇవాళ మనం తలుచుకుంటున్న ఉపాధ్యాయుడు, మన సారు, కింద నుంచే 'ముందు విషయం చెప్పు' అనేవారు. ఆ భయం నాకింకా పోలేదు. పిల్లలకు ఆంత్రప్రెన్యూర్‌షిప్, జీవన నైపుణ్యాలు నేర్పడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ మాటలు ఈ మధ్య ప్రైవేటు బడుల ఫ్లెక్సీల మీద బాగా కనబడుతున్నాయి. ఐఐటీ ఫౌండేషన్, అబాకస్ పక్కన వీటికీ ఒక గడి దొరికింది. ఏడాదికోసారి ఫుడ్ ఫెస్టివల్ పెడతారు. తల్లి తెల్లారగట్ల లేచి బజ్జీల పిండి కలుపుతుంది, తండ్రి సరుకు తెస్తాడు, పిల్లవాడు టై కట్టుకుని స్టాల్ వెనక నిలబడతాడు. కొనేవాళ్లూ ఆ తల్లిదండ్రులే. సాయంత్రానికి 'మావాడికి ఎనిమిది వందలు మిగిలింది' అని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. నూనెకెంత, శనగపిండికెంత, గ్యాసుకెంత అంటే పిల్లవాడికి తెలియదు. తల్లి కూలి అసలే లెక్కలోకి రాలేదు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. వ్యాపారం నేర్పడమంటే లాభం తీయడం నేర్పడమని అనుకుంటున్నాం. దానికంటే ముందు రావాల్సినవి ఉన్నాయి: లెక్క రాయడం, లెక్క అడగడం, నలుగురి ముందు లెక్క అప్పజెప్పడం. ఇవి వచ్చిన పిల్ల రేపు దుకాణం పెట్టుకున్నా, నౌకరీ చేసినా, సేద్యం చేసినా తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఇవి నేర్పడానికి వరంగల్‌ను మించిన ఊరు నాకు తెలియదు.

ఏనుమాముల మార్కెట్‌నే తీసుకోండి. మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. మేలు రకం సరుకు మీద వ్యాపారులు పాడిన పై ధరే జెండా ధర. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. మన రైతు బస్తాల దగ్గరికొచ్చేసరికి తేమ, తాలు, రంగు అని ఒక్కో మెట్టూ దిగుతుంది. చివరికి అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) చేతికిచ్చే చిన్న కాగితం తక్‌పట్టీ. బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత, హమాలీకెంత, తూకం వేసే దడువాయికెంత, చేతికొచ్చేదెంత అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చే రైతు కొడుకో కూతురో ఎనిమిదో తరగతిలో శాతాలు, బారువడ్డీ చదువుతూ ఉంటారు. బడి పుస్తకం బడిలో, తక్‌పట్టీ గూట్లో. ఆ రెంటినీ ఒక్కచోట పెట్టే పని ఎవరూ చేయరు.

సారు చేసేవారు. ఒక ఉదాహరణ నేనే కట్టి చూపిస్తాను. పన్నెండు బస్తాలు, బస్తాకు 45 కిలోలు, మొత్తం 5 క్వింటాళ్ల 40 కిలోలు. ధర క్వింటాకు 13,500 అనుకుంటే 72,900 రూపాయలు. ఆ రోజు జెండా పాట 15,000 అయితే అదే సరుకుకు 81,000 రావాలి. తేడా 8,100. ఈ ఎనిమిది వేల వంద ఎక్కడ పోయిందని అడగండి, క్లాసంతా లేచి కూర్చుంటుంది. తేమ వల్ల ఎంత, తాలు ఏరకపోవడం వల్ల ఎంత, అందరూ ఒకే రోజు సరుకు తేవడం వల్ల ఎంత? ఏరడానికి కూలీలను పెడితే ఖర్చెంత, పెరిగే ధర ఎంత? ఇక విత్తనాలప్పుడు అడ్తిదారు దగ్గర తెచ్చిన ఇరవై వేలుంది. రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 400, ఎనిమిది నెలలకు 3,200. పుస్తకం భాషలో ఏడాదికి నూటికి 24. బ్యాంకు పంట రుణంతో పోల్చి చూడమంటే ఆ పిల్లలు మాట్లాడరు, ఇంటికి వెళ్లి నాన్ననడుగుతారు. ఆ అడగడమే నాకు కావాల్సింది. మార్కెట్‌ను తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ధర ఎలా పుడుతుందో కళ్లతో చూడగలిగిన చోటు మనకు ఆటోలో వెళ్లేంత దూరంలో ఉంది. ఏ బిజినెస్ స్కూలుకూ ఆ అదృష్టం లేదు.

పిల్లలు అడగదగ్గ లెక్క ఇంకొకటుంది. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడ జంపఖానాలకు 2018లోనే వచ్చింది. ఆ ముద్ర పడ్డాక మగ్గం మీద కూర్చున్న మనిషికి మునుపటి కంటే ఎంత ఎక్కువ ముడుతోంది? కొత్తవాడ బడి పిల్లలు కనుక్కుని రాసుకురాదగ్గ ప్రాజెక్టు ఇది. చార్టు మీద ఓరుగల్లు తోరణం బొమ్మ అంటించడం కంటే మేలు.

వ్యాపార దక్షత నేర్పితే వచ్చేదేనా, పుట్టుకతో రావాలా అన్న ప్రశ్నకు ప్రపంచం మొదట జవాబు వెతికిన చోట్లలో ఒకటి మన తెలుగు నేల. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌తో కలిసి కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించాడు. 52 మంది. వాళ్లకు అప్పివ్వలేదు, యంత్రాలివ్వలేదు. తమ గురించి తాము ఎలా ఆలోచిస్తున్నారో చూసుకోవడం, చేరుకోగల లక్ష్యం పెట్టుకోవడం నేర్పారు. తర్వాత చూస్తే వాళ్లలో చాలామంది కొత్త పెట్టుబడులు పెట్టారు, కొత్త పనివాళ్లను తీసుకున్నారు. శిక్షణ పొందనివాళ్ల కంటే చురుగ్గా కదిలారు. దేశమంతటా తర్వాత వచ్చిన శిక్షణ కార్యక్రమాలకు కాకినాడ ప్రయోగమే దారి చూపింది. మెక్‌క్లెలాండ్ సిద్ధాంతాలన్నీ నిలబడలేదు. పిల్లల వాచకాల్లోని కథలను బట్టి దేశాల అభివృద్ధిని ముందే చెప్పవచ్చన్న ఆయన వాదన మీద గట్టి విమర్శలే వచ్చాయి. ఆయన రింగుల ఆట మాత్రం నాకు బాగా నచ్చుతుంది. ఒక కొయ్య పాతి, రింగులిచ్చి, ఎక్కడి నుంచి విసురుతావో నీ ఇష్టం అంటారు. ఓటమికి భయపడేవాళ్లు కొయ్య పక్కనే నిలబడతారు. లేదంటే పడినా పడకపోయినా తప్పు తమది కాదనిపించేంత దూరం పోతారు. తనను తాను నమ్ముకున్నవాడు మధ్యలో ఎక్కడో, కష్టమే కానీ సాధ్యమనిపించే చోట నిలబడతాడు.

మన ఊళ్లో ఆ ఎంపికే పిల్లలకు లేకుండా చేశాం. ఇంటర్‌లో చేరిన ప్రతి పిల్లనూ ఒకే గీత దగ్గర నిలబెట్టి, ఆ దూరం నుంచే విసరమంటున్నాం. పడనివాళ్లు పనికిరానివాళ్లు. నిట్ పక్కనే ఉన్న ఊరు కాబట్టి ఈ జబ్బు మనకు కొంచెం ఎక్కువే.

ఇప్పుడు మాట్లాడక తప్పని ఇబ్బందికరమైన సంగతి. బడిలో పని, వ్యాపారం అనగానే నాలాంటివాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. దానికి చరిత్ర ఉంది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ చేతిపని కేంద్రంగా చదువుండాలని ప్రతిపాదించారు. దానికి పాఠ్యప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, హైదరాబాద్‌లో పుట్టినవాడు. పిల్లలు చేసిన వస్తువులమ్మి బడి ఖర్చు గడపాలన్న మాట మీద అప్పుడే అభ్యంతరాలొచ్చాయి. బడి కార్ఖానా అవుతుందన్న భయం అది. 1953లో మద్రాసులో రాజాజీ పల్లె బడుల వేళలు తగ్గించి, మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాదే ఆ పథకం పోయింది. పోవడమే న్యాయం. చాకలి బిడ్డకు చాకిరేవు నేర్పడానికి ప్రభుత్వం బడి పెట్టనక్కర్లేదు.

మన దగ్గర మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా గారు దశాబ్దాలుగా చెబుతున్న మాట ఒక్కటే: బడి బయటున్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. అయినా 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడివేళల తర్వాత ఇంటి వ్యాపారంలో పిల్లలు సాయం చేయవచ్చని ఒక కిటికీ తెరిచి పెట్టారు. పత్తి చేలల్లో, బీడీల చాటల దగ్గర 'సాయం' ఎక్కడ ఆగుతుందో, పని ఎక్కడ మొదలవుతుందో ఇక్కడున్న ఉపాధ్యాయులకు నేను చెప్పాలా? నా గీటురాయి ఇది: ఆ పనిలో పిల్లకు తప్పు చేసే హక్కుందా, మానేసే హక్కుందా, లెక్క అడిగే హక్కుందా? ఈ మూడూ ఉంటే అది చదువు. ఒక్కటి లేకపోయినా చాకిరే.

ఇక్కడే చాలామంది చింతకింది మల్లేశం పేరు తెస్తారు. 'ఆరో తరగతితో ఆపేశాడు, పద్మశ్రీ తెచ్చుకున్నాడు, చదువెందుకు' అంటారు. ఆ కథను ఇంతకంటే తప్పుగా చదవడం కష్టం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కితే దారిలో వచ్చే ఆలేరు దగ్గర శారాజిపేట ఆయన ఊరు. తల్లి లక్ష్మి చీరల నేతకు ఆసు పోసేది. కొయ్యల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి ఒక్క చీరకే సుమారు తొమ్మిది వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. ఇంక నా వల్ల కాదని ఆమె భుజం పట్టుకుంటే కొడుకు యంత్రం చేస్తానన్నాడు. 1992లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1999. ఊళ్లో నవ్వారు. అప్పులయ్యాయి. హైదరాబాద్ వెళ్లి కరెంటు పని చేస్తూ, తనకు తానే పుస్తకాలు చదువుకుంటూ, చిక్కుముడి విప్పాడు. గంటల కొద్దీ సాగే పని గంటన్నరకు వచ్చింది. పల్లెసృజన లాంటి సంస్థలు చేయి కలిపాక పదిమందికీ తెలిశాడు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ.

ఆరో తరగతిలో ఆయన బడి మానింది తెలివి పొంగి కాదు, ఇల్లు గడవక. మోటారు ఎలా తిరుగుతుందో, వేగం ఎలా తగ్గించాలో, అప్పు ఎక్కడ పుడుతుందో చెప్పే మనిషి ఒక్కరు దొరికి ఉంటే ఆ ఏళ్లలో ఎన్ని మిగిలేవి? తల్లి భుజం ఇంకెంత తొందరగా తేలికపడేది? మల్లేశం కథలో బడికి దక్కే ఘనత లేదు. బడి పడాల్సిన సిగ్గు ఉంది. మనకు పాఠంగా పనికొచ్చేది ఆయన మొదలుపెట్టిన చోటు: ఇంట్లో ఒక మనిషికి నొప్పి పుడుతోంది, దాన్ని ఎలా తగ్గించాలి? 2020 నుంచి మన రాష్ట్రంలో నడిచిన స్కూల్ ఇన్నోవేషన్ చాలెంజ్‌లో పిల్లలను అడిగింది దాదాపు ఇదే, చుట్టూ ఉన్న సమస్య ఒకటి చూపించండి అని. బడుల్లో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఇరవై లక్షల దాకా గ్రాంటు వస్తుంది. వచ్చిన చోట ఆ గదికి తాళం వేయకుండా ఉంటే చాలు, అంతకంటే నేను కోరను.

పత్రికలు, యూట్యూబ్ పిల్లలకు చెప్పే వ్యాపార కథల్లో ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు. గ్యారేజీలో ఒక్కడు, బోర్డు ముందు ఒక్కడు. మన జిల్లాలో అంతకంటే పెద్ద కథ ఉంది, అందులో ఒక్కడు లేడు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 14 ఊళ్ల రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టారు. అప్పు ఇవ్వడంతో మొదలై ఎరువులు, విత్తనాలు, రైస్ మిల్లు, పత్తి జిన్నింగు దాకా వచ్చింది. దేశంలో సహకార సంఘాలు సర్కారు చేతుల్లో, నాయకుల చేతుల్లో చితికిపోతున్న కాలంలో అది నిలబడింది. తర్వాత అక్కడి ఆడవాళ్లు పొదుపు సంఘాల అనుభవంతో సొంత డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి పాలు వాళ్లవే. ఊరూరా ఎన్నికైన మహిళలు పాల ధర, బోనస్, ఖర్చులు మహాసభలో లెక్కలతో సహా మాట్లాడుకుంటారు. మన పిల్లల వాచకాల్లో ముల్కనూరు మహాసభకు చోటుండాలి. ఒక్కసారి పిల్లల్ని తీసుకెళ్లి వెనక బెంచీ మీద కూర్చోబెట్టండి. సభ్యురాలు లేచి 'ఈ ఖర్చు ఎందుకైంది' అని అధ్యక్షురాలిని అడిగితే ఆమె జవాబు చెప్పాల్సి రావడం వాళ్లు కళ్లారా చూడాలి.

సారు నడిపిన సంచయిక ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బడిలో పిల్లల బ్యాంకు. జమ చేసేది పిల్లలే, మేనేజరు, క్యాషియరు కూడా పిల్లలే. వారానికోసారి పది పైసలు, పావలా. ఒక శుక్రవారం డబ్బాలో నలభై పైసలు తక్కువొచ్చాయి. క్యాషియరు పిల్ల ఏడ్చింది. సారు తన జేబులోంచి తీసి వేయొచ్చు. వేయలేదు. డబ్బా, పుస్తకం పిల్లల దగ్గరే ఉంచుకుని చూసుకోమన్నారు. మర్నాటికి దొరికింది: ఒక పిల్లవాడి ఖాతాలో 20 పైసలు పడాల్సిన చోట 60 పడింది. సంగతి అక్కడితో అయిపోలేదు. ఆ పిల్లవాడు ఒప్పుకోలేదు. 'నా పుస్తకంలో అరవై ఉంది, అరవై ఇవ్వాల్సిందే' అన్నాడు. రాతలో ఉన్నదే నిజమంటే బ్యాంకుకు నష్టం, నోటి మాటే నిజమంటే రేపు ఇంకెవరి రాతకూ విలువ లేదు. అరగంట వాదించుకున్నారు. సారు కిటికీ దగ్గర నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి ఆ పిల్లవాడి దోస్తే చెప్పాడు, తెచ్చిన అరవైలో మిగతా నలభై పైసలతో ఇద్దరం ఐస్‌ఫ్రూట్ తిన్నామని. ఆ తర్వాత పిల్లలే ఒక నియమం రాసుకున్నారు: జమ చేసినవాడు అప్పటికప్పుడే పుస్తకం చూసి పొడి సంతకం పెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పది జీవన నైపుణ్యాలు చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, చక్కగా మాట్లాడడం, ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం, కోపాన్ని ఒత్తిడిని తట్టుకోవడం వగైరా. ఆ అరగంటలో వాటిలో ఎన్ని వచ్చాయో మీరే లెక్క వేసుకోండి. పవర్‌పాయింట్‌లో అవి రావు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. మా అమ్మాయి బాగా చదువుతుందంటాం, బ్యాంకులో ఫారం నింపడానికి తమ్ముణ్ని తోడు పంపుతాం. తల్లి పొదుపు సంఘం పుస్తకం చదివి పెట్టేది కూతురే, ఇంట్లో ఫోన్‌పే నొక్కేదీ ఆమే. అయినా డబ్బు మాట రాగానే లోపలికి పొమ్మంటాం. రసీదు అడగడం, 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనడం, సంతకం పెట్టే ముందు చదువుతాననడం, వద్దని చెప్పగలగడం. పిల్లల చేత బడిలో రోజూ సాధన చేయించాల్సినవి ఇవి. రేపు పొలం కౌలు దగ్గరా పెళ్లి మాటల దగ్గరా అప్పుల యాప్ దగ్గరా అక్కరకొచ్చేవి కూడా ఇవే.

మరి ఏం చేద్దాం? ఢిల్లీ ప్రభుత్వం 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ అని పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు తలా రెండు వేలు మూలధనమిచ్చి వ్యాపారాలు పెట్టించింది. ఉత్సాహం బాగానే వచ్చింది. నాకు మాత్రం టీవీ కెమెరాల ముందు పిచ్ చేసే పోటీ మీద మనసు పోదు. మన బడుల్లో అంతకంటే చిన్నదీ పాతదీ ఒకటి తిరిగి తెద్దాం: పిల్లల సహకార స్టోరు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు తలా పది రూపాయల వాటా. పిల్లలే టోకు దుకాణానికి వెళ్లి నోటుబుక్కులు, పెన్నులు, జామెట్రీ బాక్సులు బేరమాడి తేవాలి. ఇరవై రెండుకు తెచ్చింది బయట ముప్పైకి అమ్ముతున్నారనుకోండి, మనం ఎంతకు అమ్మాలి? సభ పెట్టి తేల్చుకోవాలి. వారం వారం జమాఖర్చు గోడ మీద అంటించాలి. ఊడ్చే వంతు మగపిల్లలకూ, సరుకు తెచ్చే వంతు ఆడపిల్లలకూ తప్పకుండా రావాలి. అమ్ముడుపోని సరుకు మిగులుతుంది. నష్టం వస్తుంది, రానివ్వండి. నూట యాభై రూపాయల నష్టంతో నేర్చుకునేది పెద్దయ్యాక లక్షలు పోగొట్టుకుని నేర్చుకునే దానికంటే చౌక.

ఉద్దెర దగ్గర అసలు పరీక్ష వస్తుంది. పరీక్షల ముందు రోజు నోటుబుక్కు కొనడానికి పైసలు లేని పిల్ల ఒకతె వస్తుంది. ఇస్తే నియమం తప్పినట్టు, ఇవ్వకపోతే స్నేహం తప్పినట్టు. ఉపాధ్యాయులు దయచేసి ఆ క్షణంలో నోరు మూసుకోవాలి. పిల్లలు ఏదో ఒక దారి కనిపెడతారు. ఉద్దెర పుస్తకం పెడతారో, లాభంలో కొంత విడిగా తీసి ఉంచుతారో, అడిగినవాళ్ల పేరు గోడ మీద రాయకూడదని తీర్మానం చేస్తారో చూడండి. లాభం ఎవరికెక్కువ వచ్చిందని బహుమతులు మాత్రం పెట్టకండి.

దీనికి కొత్త సబ్జెక్టు, కొత్త పుస్తకం, కొత్త పరీక్ష అక్కర్లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సంచి లేని పది రోజులు ఇమ్మన్నది. ఆ పది రోజుల్లో ఒకటి ఏనుమాములకు, ఒకటి కొత్తవాడకు, ఒకటి ముల్కనూరుకు కేటాయించండి. మిగతా ఏడు మీ ఊరే చెబుతుంది.

చివరగా సారు పేరిట ఉన్న ఈ స్మారక నిధి నిర్వాహకులకు ఒక మనవి. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకు ఏటా పతకం ఇవ్వాలన్న ఆలోచన ఉందని విన్నాను. ఆ పిల్లకు పతకాలిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ సొమ్ముతో ఏటా ఒక సర్కారు బడి స్టోరుకు మొదటి సరుకు పెట్టించండి. ఉచితంగా వద్దు, మిత్తి లేని అప్పుగా ఇవ్వండి. తిరిగి కట్టే గడువు మీరు రాయకండి, పిల్లలనే సభ పెట్టుకుని తేల్చమనండి. ఆ ఏటి జమాఖర్చు పుస్తకం పట్టుకుని ఇద్దరు పిల్లలు వచ్చే ఏడు ఇదే వేదిక ఎక్కి లెక్క చెబితే, ఉపన్యాసానికి నాలాంటివాళ్లను పిలవాల్సిన పని ఉండదు.